పచ్చిక మీద సన్మానం

ఒక దేశం ఎంత గొప్పదో తెలియాలంటే, అది తన క్రీడాకారులకు చేసే సన్మానం చూడాలి! ఈ మహావాక్యం క్రీడాశాఖ డైరెక్టరుగారిది. మా ఇంటి సోఫాలో కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ సెలవిచ్చారు.

సన్మానం మా ఆవిడకి. ఆవిడ అంతర్జాతీయ లాన్ బౌల్స్ క్రీడాకారిణి. అదేం ఆటని అడక్కండి, పెళ్లయిన కొత్తలో నేనూ అడిగాను. నున్నగా కత్తిరించిన పచ్చిక మీద ముందు ఓ చిన్న తెల్లబంతిని దొర్లిస్తారు. తర్వాత బరువైన పెద్ద బంతుల్ని దాని దగ్గరికి చేర్చాలి.

"ఇంతేనా!" అన్నాను.

"ఇంతే. మీరొకటి వెయ్యండి" అంది.

నా బంతి సగం దూరం బుద్ధిగా వెళ్లి, వంకర తిరిగి పచ్చిక అంచునున్న కాలవలో పడింది. ఆ బంతులకి ఓ పక్కకి మొగ్గు ఉంటుందట! ఆ రోజు నుంచి ఆట ఆవిడకే వదిలేసి, దాని గురించి గొప్పలు చెప్పుకునే భారం నేను తలకెత్తుకున్నాను.

మొదటిసారి విదేశం వెళ్లినప్పుడు విమానాశ్రయంలో ఆ బంతుల్ని చూసి బాంబులనుకుని ఆవిణ్ణి ఓ గదిలో కూర్చోబెట్టారు. ఓడి వచ్చినప్పుడు "ముసలాళ్ల ఆటలే" అన్న మా బంధువులు, పతకం తెచ్చేసరికి "అబ్బో, ఎంత ఏకాగ్రత కావాలో!" అన్నారు. నేనైతే ఏ పూటకి తగ్గట్టు ఆ పూట రెండూ అన్నాను.

పోస్టాఫీసులో తన కౌంటర్ మూసెయ్యగానే ఆవిడ ఊరి క్లబ్బు వెనక పచ్చిక మీదికి పరిగెడుతుంది. తోటమాలితో కలిసి దానికి నీళ్లు పెడుతుంది, రోలర్ లాగుతుంది. ఒకసారి నేను బూట్లతో నడిచినందుకు వారం రోజులు నాతో మాటల్లేవు. మడమ దిగితే గుంట, గుంట పడితే బంతి దారి తప్పుతుందట.

"సన్మానం ఎక్కడండీ?" అని అడిగింది ఆవిడ.

"మీ పచ్చిక మీదే! అంతకన్నా తగిన చోటేదమ్మా!" అన్నారు డైరెక్టరుగారు.

మా ఆవిడ మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. "సార్, వచ్చే నెల ప్రపంచ పోటీలు. ఊరికంతా ఉన్నది ఆ ఒక్క పచ్చికే. దాని మీద టెంటు వేస్తే నేనెక్కడ ఆడను?"

"ఎంత నిరాడంబరతమ్మా మీది!" అంటూ ఆయన కాఫీ పూర్తిచేశారు.

ఆవిడ నా వైపు చూసింది. అప్పటికే ఆయన నాకు ముందు వరసలో సోఫా, ఓ జ్ఞాపిక ఖాయం చేసి ఉన్నారు. "పెద్దలు అంతగా అంటున్నప్పుడు..." అని నీళ్లు నమిలాను.

చేశారండీ, ఘనంగా చేశారు! టెంటు గుంజలకి గోతులు తవ్వారు. వేదిక సామాను లారీ సరాసరి పచ్చిక మీదికే వచ్చింది. ఆడవాళ్లు ఎత్తు మడమల చెప్పులతో, మగవాళ్లు బూట్లతో వచ్చారు. నేను కొత్త జత కొన్నాను. తోటమాలి మాత్రం గోడవైపు తిరిగి కూర్చున్నాడు, మర్యాద తెలియని మనిషి!

డైరెక్టరుగారు మైకు పట్టుకున్నారు. "ఈ సోదరికి సాధన చేసుకోవడానికి ఊళ్లో జానెడు పచ్చిక లేదని ఇప్పుడే నా కళ్లతో చూశాను! గుండె తరుక్కుపోయింది! ఐదేళ్లలో కొత్త పచ్చిక వేయిస్తాను, ఇదే నా మాట!"

టెంటు ఎగిరిపోయేలా చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

మా ఆవిడ మైకు అందుకుంది. "కొత్తది వద్దు సార్. మీరంతా దీని మీంచి లేచి వెళ్లిపోండి, చాలు."

డైరెక్టరుగారు క్షణం తడబడి, పకపకా నవ్వారు. "చూశారా, నిరాడంబరత!" మళ్లీ చప్పట్లు. ఒక్కరూ లేస్తే ఒట్టు.

"ఇప్పుడు ఈ విజయం వెనక ఉన్న త్యాగమూర్తి, ఆమె భర్తగారు జ్ఞాపిక అందుకుంటారు!" అని ప్రకటించారాయన.

లేచాను. ఆవిడ మాట మన్నించి ఆ పచ్చిక మీంచి లేచినవాణ్ణి నేనొక్కణ్ణే, రాసిపెట్టుకోండి! సోఫా నుంచి వేదిక దాకా తల ఎత్తుకుని నడిచాను. ఎందుకో మరి, మా ఆవిడ మాత్రం నా మొహం చూడలేదు. నా బూట్లే చూస్తూ నిలబడింది.