రెండు గడియారాల కంప్యూటరు

ఆ శనివారం పొద్దున గుమాస్తాగారి పథకం చాలా చిన్నది. భార్య స్కూల్లో మీటింగుకు వెళ్తుంది, మధ్యాహ్నానికి వస్తుంది. ఆలోగా ఇంట్లోని పాత కంప్యూటరులో ఉన్నదంతా పీకేసి, లైనక్స్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ వేసి, ఆవిడ వచ్చేసరికి దాన్ని గుర్రంలా పరిగెత్తించాలి. అంతే. కొంపలు మునిగే పనులన్నీ ఇలాంటి "అంతే"లతోనే మొదలవుతాయని చెప్పే పుస్తకాలు ఆయన పనిచేసే లైబ్రరీలో బోలెడున్నాయి. వాటిని బీరువాల్లో సర్దింది కూడా ఆయనే. సర్దడమే గాని చదవలేదు.

ఆ కంప్యూటరు వయసు మళ్ళినది. మీట నొక్కి, మొహం కడుక్కుని, టీ తాగి వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది. లైనక్స్ వేస్తే ముసలి కంప్యూటరు కూడా పడుచుదైపోతుందని లైబ్రరీలో ఆయన పక్కసీటు మనిషి చెప్పాడు. అతన్ని అందరూ నిపుణుడంటారు. మొదట అన్నది అతనే. అయితే గుమాస్తాగారిని కదిలించింది ఆ మాట కాదు. మరదలి మొగుడిది, అంటే తోడల్లుడిది, కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. సెలవురోజున కూడా మెళ్ళో కంపెనీ కార్డు వేలాడేసుకుని వచ్చి, "మీకెందుకు అన్నయ్యగారూ ఇవన్నీ, నాకో ఫోన్ కొట్టండి" అంటాడు. ఆ ఫోన్ కొట్టకుండా బతకడం గుమాస్తాగారికి కొన్నేళ్ళుగా ఒక వ్రతమైపోయింది.

టీచరమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో వెనక్కి తిరిగింది. "ఏమండీ, పరీక్ష ప్రశ్నపత్రం ఆ కంప్యూటర్లోనే ఉంది. వారం రోజులు కూర్చుని తయారుచేశా. సాయంత్రంలోగా హెడ్మిస్ట్రెస్‌కి పంపాలి. నేనొచ్చేదాకా దాని జోలికి వెళ్ళకండి."

"దాంతో నాకేం పని?" అన్నారు గుమాస్తాగారు. అబద్ధం కాదు. ఆ క్షణానికి ఇంకా పని మొదలుపెట్టలేదు.

ఆయన దైవభక్తి గలవారు. దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే ఏ పనీ మొదలుపెట్టరు. ఆ పని చెయ్యొచ్చా అని మాత్రం దేవుణ్ణి ఏనాడూ అడగలేదు. ఆ రోజు కూడా దణ్ణం పెట్టుకుని, ప్రశ్నపత్రాన్ని ఒక ఎర్ర పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. ఏ ఐకాను ఎక్కడ ఉండేదో గుర్తుండడానికి పాత తెరను ఉన్నదున్నట్టు ఫోటో తీసి అందులోనే దాచారు. ఇక నిపుణుడు లైనక్స్ ఎక్కించి ఇచ్చిన ఇంకో పెన్‌డ్రైవ్‌ను గుచ్చి, అడిగిన ప్రతి ప్రశ్నకూ "అవును" అని నొక్కుకుంటూ పోయారు. పెళ్ళిలో కూడా ఆయన చేసింది అదే.

లైనక్స్ వచ్చింది. నిజంగానే చకచకా తెరుచుకుంది. కాని తెర మీద, పైన ఒక సన్నని పట్టీ తప్ప, ఏమీ లేదు. అటు మూల నుంచి ఇటు మూల దాకా నీలం రంగు. టీచరమ్మ ఇన్నేళ్ళుగా పేర్చుకున్న ఐకాన్లలో ఒక్కటీ లేదు. ఆవిడ చూస్తే ఏమంటుంది? నిపుణుడికి ఫోన్ చేస్తే అతను తాపీగా, లైనక్స్‌కు బల్ల మీద వస్తువులు పరిచే అలవాటు లేదని, అన్నీ లోపల బీరువాలో ఉంటాయని, ఐకాన్లు కావాలంటే సోమవారం చూద్దామని చెప్పి, పెళ్ళాంతో బజారుకు వెళ్ళిపోయాడు.

సోమవారం దాకా టీచరమ్మను బయట నిలబెట్టడం కుదరదు. అప్పుడు గుమాస్తాగారికి ఒక ఉపాయం తట్టింది. గోడకు పెచ్చు ఊడినచోట క్యాలెండరు తగిలిస్తాం కదా. పాత తెర ఫోటోను తెచ్చి కొత్త తెరకు వెనక బొమ్మగా అతికించేశారు. ఐకాన్లన్నీ ఎక్కడివక్కడ ప్రత్యక్షమయ్యాయి. అడుగున మూల పాత గడియారంతో సహా. ఎనిమిదింపావు. చూడముచ్చటగా ఉంది. ఏదీ తెరుచుకోదన్న చిన్న లోపం తప్పించి.

ప్రశ్నపత్రాన్ని తిరిగి లోపల పెడదామనుకుంటుండగానే గేటు చప్పుడైంది. మీటింగు తొందరగా ముగిసినట్టుంది. గుమాస్తాగారు ఎర్ర పెన్‌డ్రైవ్ పీకి, దేవుడి అల్మారాలో పటం వెనక పడేసి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టడం మొదలుపెట్టారు. మామూలు రోజుల్లో ఆయన టీ పెట్టరు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

టీచరమ్మ చేతులు కడుక్కుని, ఎప్పటిలాగే దేవుడికి దణ్ణం పెట్టుకుని, కంప్యూటరు ముందు కూర్చుంది. కాసేపు టకటకమని మౌసు చప్పుడు.

"ఏమండీ, దీన్నేమైనా ముట్టుకున్నారా?"

"దుమ్ము కూడా దులపలేదు."

"ఐకాన్లన్నీ ఉన్నాయి. ఏదీ తెరుచుకోవడం లేదు."

"హ్యాంగయి ఉంటుంది," అన్నారు గుమాస్తాగారు, కప్పులోకి టీ వంపుతూ. లోకంలో ఏ నేరాన్నైనా కప్పెట్టగల మాట అది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే జరిగిపోతుంది.

టీచరమ్మ ఆయన మొహంలోకి చూసి, నెమ్మదిగా మళ్ళీ అడిగింది. "మీరేం చెయ్యలేదు కదా?"

"నా మీద నమ్మకం లేదా?"

టీచరమ్మ పక్కింటి ఇంజినీరు బాబాయిగారిని పిలుచుకొస్తానని లేచి, హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని వెళ్ళింది. పక్కింటికి హ్యాండుబ్యాగు ఎందుకని ఆలోచించే తీరిక గుమాస్తాగారికి లేదు. ఆవిడ గేటు దాటగానే అల్మారా దగ్గరకు పరుగెత్తారు. పటం వెనక చెయ్యి పెట్టారు. పెన్‌డ్రైవ్ లేదు. అగ్గిపెట్టె ఉంది, వత్తులున్నాయి, ఎప్పుడో పోయిందనుకున్న సైకిలు తాళంచెవి దొరికింది. పెన్‌డ్రైవ్ మాత్రం లేదు. దేవుడు అన్నీ చూస్తాడంటారు. చూసినవాడు ఒక్క మాట చెబితే ఏం పోయిందో ఆయనకు అర్థం కాలేదు.

ప్రశ్నపత్రానికి ఉన్న ఒకే ఒక్క కాపీ అది. వారం రోజుల కష్టం. ఇప్పుడు నిజం చెబితే ఫోటో ఒకటే బయటపడదు, ప్రశ్నపత్రాన్ని చేజేతులా మట్టిచేసిన సంగతీ బయటపడుతుంది. చెప్పకపోతేనో, కంప్యూటరు పాపం జబ్బుచేసి పోయినట్టుంటుంది. జబ్బుతో పోతే విధి. లేకపోతే భర్త. గుమాస్తాగారు విధి వైపే మొగ్గారు.

టీచరమ్మ చాలాసేపటికి ఇంజినీరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన జీవితమంతా ఊరి మంచినీటి గొట్టాల మీద పనిచేసి రిటైరైనవారు. ఒక బ్రష్షు, ఒక స్క్రూడ్రైవరు పట్టుకొచ్చారు. తెరను ఎగాదిగా చూసి, "బాణం కదులుతోంది, మిగతాది కదలడం లేదు. ఎక్కడో అడ్డం పడిందమ్మాయీ," అన్నారు. మీట ఆపి మళ్ళీ వేశారు. అదే ఫోటో మళ్ళీ వచ్చింది. ఆయన కళ్ళు అడుగునున్న గడియారం మీద పడ్డాయి.

"చూశావా, ఇంకా ఎనిమిదింపావు దగ్గరే ఆగిపోయింది. లోపలి బ్యాటరీ పోయింది."

గుమాస్తాగారు గంభీరంగా తల ఊపారు. ఇంజినీరుగారు పెట్టె విప్పి, బ్యాటరీ తీసి, తుడిచి, పెట్టి, ఇల్లంతా దుమ్ము రేగేలా ఊది, ఎడతెరిపి లేకుండా తుమ్మి, అంతా మళ్ళీ బిగించారు. ఒక మర మిగిలింది. అది మొదటినుంచీ అదనమేనని చెప్పి జేబులో వేసుకున్నారు. కంప్యూటరు వేస్తే ఎనిమిదింపావు.

"ఇది నా చేతిలో లేదు. పెద్ద డాక్టరుకు చూపించాలి," అంటూ ఆయన కుర్చీలో కూలబడి, గుమాస్తాగారి టీ అందుకున్నారు.

పెద్ద డాక్టరంటే ఎవరో గుమాస్తాగారికి తెలుసు. వద్దని సైగ చేసేలోపే టీచరమ్మ ఫోన్ తీసింది. "మరిదిగారూ, ఒకసారి రాగలరా?"

తోడల్లుడు గాలిలా వచ్చాడు. అన్నయ్యగారి ఇంట్లో ఏదో పాడైందంటే అతను భోజనం మధ్యలోనైనా లేస్తాడు. మెళ్ళో కార్డు ఉంది. కంప్యూటరును ఒకసారి ఆపి వేశాడు. లేచేటప్పుడు తెర మీద లైనక్స్ గుర్తు వచ్చి పోయింది. ఆ సమయానికి అతను ఫోన్లో మరెవరికో సలహా ఇస్తున్నాడు. తరువాత ఐకాన్ల మీద ఒక్కొక్కదాని మీదా నొక్కాడు. మెల్లగా నొక్కాడు, గట్టిగా నొక్కాడు, మీట పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బొమ్మకు నొప్పేస్తుందా?

"డీప్ హ్యాంగ్," అన్నాడు చివరికి. ఇంజినీరుగారు గౌరవంగా కప్పు కింద పెట్టారు. "అన్నయ్యగారూ, వేళకు నాకు చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఇప్పుడిక పాతదంతా తుడిచేసి లైనక్స్ వెయ్యడమే. మీరు ఆ పేరు విని ఉండరు లెండి."

గుమాస్తాగారు పళ్ళు బిగబట్టి, వినలేదన్నారు.

"మరి లోపలున్న ప్రశ్నపత్రం?" అంది టీచరమ్మ.

"పోతుంది వదినగారూ. తప్పదు. ఆ బాధ్యత నాది. ఎవరైనా అడిగితే నేనే తుడిచేశానని చెప్పండి."

టీచరమ్మ భర్త వైపు తిరిగింది. "ఏమంటారు? తుడిచెయ్యమంటారా?"

గుమాస్తాగారు ఏళ్ళ తరబడి కోరుకున్న వరం వచ్చి ఒళ్ళో పడింది. ఒక్క "ఊఁ" అంటే చాలు. ప్రశ్నపత్రాన్ని తగలబెట్టినవాడు తోడల్లుడవుతాడు. అత్తవారింట్లో జరిగే ప్రతి శుభకార్యంలోనూ ఆ కథ చెప్పుకుంటారు. ఆ కార్డు ఇక మెళ్ళో మెరవదు. నోరు తెరిచారు. తెరిచిన నోటికి ఎదురుగా, పక్కగది గుమ్మంలోంచి, దేవుడి అల్మారా కనిపించింది. పొద్దున్న దేవుణ్ణి తలుచుకుంది ఆ నోటితోనే కదా అనిపించింది. వరం ఇచ్చింది ఆయనేనా, పరీక్ష పెట్టింది ఆయనేనా అని కూడా అనిపించింది. రెంటికీ ఒకే దేవుణ్ణి పెట్టడంలోనే ఉంది చిక్కంతా.

"అందులో తుడవడానికేం లేదు," అన్నారు. "పొద్దున్నే నేనే తుడిచేశాను. అది లైనక్సే. ఆ కనిపించేవి ఐకాన్లు కావు, పాత తెర ఫోటో. ప్రశ్నపత్రం పెన్‌డ్రైవ్‌లో పెట్టి దేవుడి దగ్గర దాచాను. అదీ పోయింది. తమ్ముడి తప్పేం లేదు. అంతా నేనే చేశాను."

తోడల్లుడి చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది. అంతసేపూ తాను వైద్యం చేసింది ఒక ఫోటోకని అతని మొహానికి అందడానికి కొంత సమయం పట్టింది. అది కూడా హ్యాంగే.

టీచరమ్మ హ్యాండుబ్యాగు తెరిచి, ఎర్ర పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"వచ్చీ రాగానే దణ్ణం పెట్టుకుంటుంటే పటం వెనక కనిపించింది. బాబాయిగారు బ్రష్షు వెతుక్కుంటుంటే, వాళ్ళ కంప్యూటర్లోంచి ప్రశ్నపత్రం పంపేశాను. హెడ్మిస్ట్రెస్ అందిందని కూడా చెప్పింది."

"అంటే నీకు ముందే తెలుసా?" అన్నారు గుమాస్తాగారు నీరసంగా.

ఆవిడ తెర పైభాగాన్ని వేలితో చూపించింది. అక్కడ చిన్నగా, బుద్ధిగా, సరైన టైము చూపిస్తూ లైనక్స్ వారి గడియారం నడుస్తోంది. "ఒకే తెర మీద రెండు గడియారాలు. పైది నడుస్తోంది, కిందది ఆగింది. మా క్లాసులో ఆఖరి బెంచీవాళ్ళు కూడా ఎందుకని అడుగుతారు. మీ ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు."

ఇంజినీరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తోడల్లుడు ఏసీ లేకనో ఏమో మెళ్ళో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తెలిసీ ఇంతమందిని రప్పించావా?" అన్నారు గుమాస్తాగారు.

"నేను అడిగినప్పుడే చెప్పి ఉంటే ఎవరూ వచ్చేవారు కాదు. మీరు ఎవరిదాకా వస్తే చెబుతారో చూద్దామనుకున్నా." టీచరమ్మ భర్తను తేరిపార చూసి, పేపర్లు దిద్దేటప్పటి గొంతుతో అంది. "జవాబు సరైనదే. బెల్లు కొట్టే ముందు రాశారు కాబట్టి పాసు. మార్కులు మాత్రం అడక్కండి."

తరువాత ఆవిడే కూర్చుని ఆ ఫోటోను తీసేసింది. ఖాళీ నీలం తెర వచ్చింది. ఇన్నాళ్ళకు బల్ల శుభ్రపడిందని సంతోషించింది కూడా. ఆ నీలం చూసి ఆవిడ ఏమంటుందోనన్న భయంతోనే ఇంత పని జరిగిందని గుమాస్తాగారు గుర్తుచేసుకుని, ఆ మాట బయటికి అనకుండా మింగేశారు.

కంప్యూటరు ఇప్పుడు గుర్రంలా పరిగెడుతోంది. అసలెన్నడూ పాడుకాని ఆ కంప్యూటరును బాగుచేసిందెవరని అడిగితే, ఇంజినీరుగారూ తోడల్లుడూ ఈనాటికీ ఇద్దరూ చెయ్యెత్తుతారు.