ఆర్విల్ స్టెక్లర్ ఎడమచెయ్యి

గురువారం పొద్దున పది గంటలకు ప్రూయిట్ మంగలి షాపులో కమిటీ కూర్చుంటుంది. కాల్వర్‌టన్ ఊరి కొత్త బేస్‌బాల్ మైదానంలో శనివారం తొలి బంతి ఎవరు వేయాలో అక్కడ తేలుతుంది. కాబట్టి పదిలోపు ముప్ఫై మూడేళ్ళ వెనక్కి, 1955కి వెళ్ళి వచ్చెయ్యాలని ఎల్డన్, అతని చెల్లెలు నెటీ టిఫిను దగ్గర నిర్ణయించుకున్నారు. వాడికి పన్నెండేళ్ళు, ఆ పిల్లకు పది.

"పాలు తాగి మరీ పోండి," అన్నాడు వాళ్ళ తాతయ్య ఆర్విల్ స్టెక్లర్, ఎక్కడికని అడక్కుండా.

ఆయన 1955లో బేస్‌బాల్ పెద్ద లీగులో పదకొండు రోజులు ఆడాడు. పదకొండో రోజు మోచెయ్యి పట్టేసింది. ఇంటికి పంపేశారు. మిగిలిన వయసంతా కాల్వర్‌టన్ టైర్ల ఫ్యాక్టరీ తినేసింది. ఆ పదకొండు రోజులకు గుర్తుగా ఆయన దగ్గరున్నది బబుల్ గమ్ పొట్లంలో వచ్చిన ఒకే ఒక్క కార్డు. దాని మీద పేరు ఆయనదే గానీ ఫొటో ఆయనది కాదు. కళ్ళ మీదికి జారిన టోపీ, గోనెసంచిలా వేలాడే చొక్కా, ఎడమచేతిలో బంతి, ముక్కు చుట్టూ గోధుమరంగు మచ్చలు, సగం విరిగిన ముందుపన్ను. ఎవరో పీలమనిషి వెర్రిమొహం వేసుకుని చూస్తున్నాడు. తాతయ్యది కుడిచేతివాటం.

"కంపెనీవాళ్ళు పొరపాటు పడ్డారు," అని ఆయన ముప్ఫై మూడేళ్ళుగా చెబుతున్నాడు.

"స్టెక్లర్లు ఈ జిల్లాలో డజనుమంది ఉన్నారు. కార్డు మీదున్నది నువ్వు కాదని నువ్వే అంటున్నావు. ఇంకేం మాట్లాడమంటావయ్యా?" అని ప్రూయిట్ కూడా అన్నేళ్ళుగానే చెబుతున్నాడు. ప్రూయిట్ మంగలి మాత్రమే కాదు, కమిటీ అధ్యక్షుడు కూడా. ఊళ్ళో అసలైన ఆటగాడు లేకపోతే తొలి బంతి అధ్యక్షుడు వేస్తాడని నియమం రాసింది ఆయనే. కొత్త బూట్లు కూడా కొనేసుకున్నాడు.

చక్రం పుల్లలకు తగిలేలా కార్డును బట్టల క్లిప్పుతో బిగిస్తే సైకిల్ మోటారు బండిలా టరటరమంటుంది. ఆ ఊరి పిల్లలందరూ చేసే పనే. ఎల్డన్ సైకిల్‌కు మాత్రం, బిగించిన కార్డు ఫొటో ఏ రోజున ఎక్కడ తీశారో అక్కడికి పోయే జబ్బు ఉంది. క్లిప్పు పీకేస్తే మళ్ళీ ఇంటి వెనక తేలుతుంది. ఎందుకలా అంటే, అది సెకండ్ హ్యాండ్ సైకిల్.

తాతయ్య సొరుగులోంచి కార్డు తీసి బిగించారు. నెటీ వెనక కూర్చుంది. రెండు వీధులు తొక్కేసరికి ఎండ మారింది, గడ్డి మారింది. ఫ్లోరిడాలో జట్టు శిక్షణ శిబిరం. కంచె పక్కన ఫొటోగ్రాఫర్ చేతిలో జాబితా పట్టుకుని ఒక్కొక్కణ్నే పిలుస్తున్నాడు. వరసలో నాలుగోవాడు ఆరడుగుల కుర్రాడు, తల నిండా జుట్టున్న తాతయ్య.

"ఉన్నాడుగా వరసలో. ఇంక మనం చేసేదేముంది?" అంది నెటీ.

నిజానికి అప్పుడే క్లిప్పు పీకేసి ఉంటే సరిపోయేది. కానీ అంత దూరం వెళ్ళి ఊరికే రావడం ఎల్డన్‌కు నచ్చలేదు. నేరుగా వెళ్ళి ఆర్విల్ చొక్కా పట్టుకున్నాడు.

"అన్నా, ఎవరేం చెప్పినా ఈ వరసలోంచి కదలకు. కదిలావంటే ముప్ఫై మూడేళ్ళు ఏడుస్తావ్."

ఆర్విల్ వాణ్ని కిందనుంచి పైదాకా చూశాడు. కొత్త ఆటగాళ్ళను ఏడిపించడం ఆ శిబిరంలో పాతకాపులకు రోజువారీ పని. బ్యాటర్ నిలబడే గీతల పెట్టెకు తాళంచెవి తెమ్మని ముందురోజు ఆర్విల్‌ను పంపారు. నేలమీద గీసిన సున్నం గీతలకు తాళమేమిటని తట్టేసరికి రెండు గంటలు పట్టింది.

"ఎవరు పంపార్రా నిన్ను? ఆ లావుపాటి క్యాచరేనా?"

"ఎవరూ పంపలేదు! ఒట్టు!"

"ఒట్టు కూడానా! అయితే కచ్చితంగా వాడే. నన్నిక్కడ నిలబెట్టి, అవతల కోచ్ పిలిస్తే రాలేదని తిట్టించాలని ప్లాను." ఆర్విల్ టోపీ, పైచొక్కా, గ్లవ్ తీసి నెటీ చేతిలో పెట్టాడు. "పాపా, నా చోటు చూస్తుండు. ఆ కోచ్ సంగతేంటో కనుక్కునొస్తా."

"వద్దు! వెళ్ళొద్దు!" అని ఎల్డన్ ఆయన కాలు వాటేసుకున్నాడు. దాంతో ఆర్విల్‌కు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. కాలు విదిలించుకుని పరిగెత్తాడు. ఎల్డన్ వెనక పరిగెత్తాడు. వాడు తరిమేకొద్దీ ఆయన ఇంకా వేగం పెంచాడు.

ఇక్కడ నెటీ చేతులు ఖాళీగా ఉంటాయని టోపీ పెట్టుకుంది, జడలు అందులోకి దోపింది, చొక్కా తొడుక్కుంది. తనది ఎడమచేతివాటం కాబట్టి గ్లవ్ కుడిచేతికి వేసుకుంది. అవతల సాధన చేస్తున్నవాళ్ళ బంతొకటి నేలకు తగిలి ఎగిరి వచ్చి ఆ పిల్ల ముందుపన్ను సగం పట్టుకుపోయింది. ఏడవాలా వద్దా అని ఆలోచిస్తూ నెటీ ఆ బంతిని ఎడమచేత్తో తీసింది.

"స్టెక్లర్!" అన్నాడు ఫొటోగ్రాఫర్ జాబితాలోంచి తల ఎత్తకుండా.

"వస్తున్నాడండీ. నేను ఆయన్ని కాదు."

"పొద్దుట్నుంచి ముగ్గురు ఇవే కోతలు కోశారు. ఒకడు కుడిచేతివాడై ఉండి ఎడమచేతిలో బంతి పెట్టుకుని నిలబడ్డాడు. నాకు అరవై మంది ఉన్నారు నాయనా, నీ హాస్యం నీ దగ్గరే పెట్టుకో. గడ్డం పైకి!"

"అయ్యో, నేను ఆడపిల్లనండీ!"

"నేను ఇంగ్లాండు రాణిని. ఇటు చూడు."

క్లిక్కుమంది. పెన్సిలుతో పేరు కొట్టేశాడు.

రొప్పుకుంటూ వచ్చిన ఎల్డన్ చెల్లెల్ని చూశాడు. టోపీ, మచ్చలు, పన్ను. తర్వాత చక్రంలో ఉన్న కార్డు చూశాడు.

"ఒసేయ్," అన్నాడు మెల్లిగా, "ఆ పీలమనిషివి నువ్వేనే."

"నువ్వే కదా కదలొద్దన్నావ్!"

ఇద్దరూ ఎదురుగా ఉన్న కంచెకు చొక్కా, గ్లవ్ తగిలించి క్లిప్పు పీకారు. తొందరలో నెటీ తలమీదున్న టోపీ సంగతి మరిచిపోయారు.

షాపులో పదీ పది అయింది. తాతయ్య ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చున్నాడు. సొరుగులో కార్డు కనపడక వట్టి చేతులతో వచ్చాడు. ప్రూయిట్ అప్పటికే తీర్మానం చదువుతున్నాడు. పిల్లలు తలుపు తోసుకొచ్చి కార్డు బల్లమీద పెట్టారు.

"తాతయ్యా, తప్పు మాదే," అంది నెటీ. "ఈ ఫొటోలో ఉన్నది నేనే."

కమిటీ నలుగురూ కార్డు చూశారు, నెటీని చూశారు. మళ్ళీ కార్డు చూశారు.

"అచ్చం నువ్వేనమ్మా," అన్నాడు కమిటీలోని పోస్ట్‌మాస్టర్ కరిగిపోయి. "ఆ మచ్చలు, ఆ మూతి! రక్తం ఎక్కడికి పోతుంది! ప్రూయిట్, కళ్ళజోడు పెట్టుకు చూడు, ఇది ఆర్విల్ కాకపోతే ఇంకెవరు?"

"కాదండీ, నేనే!"

"అవునమ్మా, అవును, నువ్వే," అని అందరూ నవ్వారు.

ప్రూయిట్‌కు తన కొత్త బూట్లు గుర్తొచ్చాయి. "ఆగండి. ఆ విరిగిన పన్నేదీ? ఆర్విల్, నోరు తెరువు."

"1971 నుంచి నా పళ్ళు రాత్రిళ్ళు గ్లాసులో పడుకుంటున్నాయి," అన్నాడు తాతయ్య.

"మరి ఇన్నేళ్ళూ నీ ఫొటో కాదని ఎందుకన్నావ్?"

తాతయ్య నెటీ వైపు చూశాడు. ఆ పిల్ల తలమీది టోపీ తీసి లోపలికి చూశాడు. పట్టీ మీద సిరాతో ఆయన చేతిరాతే ఉంది, ఇంకా ఆరనట్టు నల్లగా. టోపీ పోగొట్టినందుకు కోచ్ మైదానం చుట్టూ ఇరవైసార్లు పరిగెత్తించిన రోజు ఆయనకు బాగానే గుర్తుంది. దాన్ని తన తలమీద పెట్టుకున్నాడు.

"ఆ వెర్రిమొహం నాదేనని చెప్పుకోవడానికి సిగ్గేసింది," అన్నాడు.

"మరి ఎడమచెయ్యి?" ప్రూయిట్ వదల్లేదు. "నువ్వు కుడిచేత్తోనే రాస్తావుగా?"

"స్కూల్లో టీచరమ్మ స్కేలుతో కొట్టి కుడిచెయ్యి నేర్పింది. బంతి మాత్రం ఎడమే."

తొలి బంతి ఆర్విల్‌దేనన్న తీర్మానం ముగ్గురు ఒకవైపు, ఒకడు ఒకవైపుగా నెగ్గింది. ఇంటికి నడిచేటప్పుడు తాతయ్య ఎల్డన్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ రోజు ఎవడో కుర్రాడు కదలొద్దని మొత్తుకున్నాడు. వినుంటే బాగుండేది," అన్నాడు. తర్వాత ఎడమచేతిని ముందుకు చాపి, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు చూసుకున్నాడు.

శనివారం మైదానం నిండా జనం. బ్యాండు ఆగింది. తాతయ్య ఆ టోపీతో, బంతి వేసే దిబ్బ మీద నిలబడి, ఊరంతా చూస్తుండగా, జన్మలో మొదటిసారి ఎడమచేత్తో బంతి వేశాడు. అది క్యాచర్ వైపు పోలేదు. అడ్డంగా పోయి, బ్యాండువాళ్ళ పెద్ద డ్రమ్ము తోలు చించుకుని లోపల పడింది.

ఆయన పెద్ద లీగులో ఆడాడా లేదా అని ఆ తర్వాత కాల్వర్‌టన్‌లో ఎవరూ అడగలేదు. పదకొండు రోజుల్లోనే ఎందుకు పంపేశారో మాత్రం అందరికీ అర్థమైంది.