బుచ్చమ్మ తాంబాళం, సాఫ్టువేర్ ట్రీటు

జీతం దాచుకోవడానికి బ్యాంకు కన్నా భద్రమైన చోటు స్నేహితుల కడుపు. తమాషాకు అనడం లేదు. కొత్తగూడ చౌరస్తా దగ్గర మూడంతస్తుల ఇల్లు కట్టి, హైటెక్ సిటీలో పనిచేసే పిల్లలకు గదులు కిరాయికిచ్చి, ఇన్నేళ్లుగా గేటు పక్కన కుర్చీలో కూర్చుని చూసి చెబుతున్నాను.

బ్యాంకు దివాలా తీయవచ్చు. చిట్టీ నడిపేవాడు రాత్రికి రాత్రే పారిపోవచ్చు. తిన్న బిర్యానీ ఎక్కడికి పారిపోతుంది?

చదువుకున్నవాళ్లు దీన్ని ట్రీట్ అంటారు. కొందరు దండగ అని కూడా అంటారు. పాపం, వాళ్లకు లెక్కలు రావు. చిట్టీలో ఏముంది? నెలనెలా అందరూ కడతారు, ఒక్కడు ఎత్తుకుంటాడు. ట్రీట్‌లో ఒక్కడు కడతాడు, అందరూ ఎత్తుకుంటారు. ఎంత ఉదారమైన పథకం! జామీను అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. ఆకలి ఉంటే చాలు.

పైగా ఈ పథకంలో చిన్న వయసులోనే చేరవచ్చు. కాలేజీకి ముందు, ఎంసెట్‌లో ర్యాంకు వస్తే ట్రీట్. రాకపోతే ఆ బాధ మరిచిపోవడానికి ట్రీట్. కాలేజీలో చేరినందుకు సీనియర్లకు, పుట్టినందుకు రూమ్మేట్లకు, సప్లిమెంటరీ గట్టెక్కినందుకు పక్క బెంచీ వాడికి. నాన్న పంపిన మెస్సు బిల్లు ఇలా నలుగురి మేలు కోసం ఖర్చవుతుంది. కాలేజీ తర్వాత ఇక చెప్పేదేముంది? ఆఫర్ లెటర్‌కు ట్రీట్. మొదటి జీతానికి ట్రీట్. ఫోను కొంటే ట్రీట్. అది పోతే ఎలాగూ కొత్తది కొంటాడు కనుక ముందస్తుగా ట్రీట్. ప్రాజెక్టులో వేస్తే ట్రీట్. ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చోబెట్టి జీతమిస్తే ఇంకా పెద్ద ట్రీట్.

దేశసమైక్యతకు కూడా ఇది మందు. ఇది ఉద్యమకాలం. ఒకే టీములో జనగామ వాళ్లు, కడప వాళ్లు, ఏలూరు వాళ్లు. రాష్ట్రం విడిపోవాలా, కలిసి ఉండాలా అని క్యాంటీనులో కుర్చీలు జరుపుకుని మరీ వాదించుకుంటారు. ట్రీట్ ఎవడివ్వాలి అన్న మాట రాగానే మూడు ప్రాంతాల వేళ్లూ ఒక్కడినే చూపిస్తాయి. ఇంత ఐకమత్యం ఏ నాయకుడు సాధించాడు?

మా రెండో అంతస్తు మధుకర్ ఈ పథకంలో పాత ఖాతాదారు. జనగామ అవతలి పల్లె. గచ్చిబౌలిలో కొలువు. వాడికొక చెల్లెలు, హర్షిణి. ఇంటరు మంచి మార్కులతో పాసై కూడా ఏడాది పాటు ఇంట్లో కూర్చుంది. ఆ ఏడు అన్న ఇంజనీరింగు ఆఖరి ఫీజు కట్టాల్సి వచ్చింది మరి. "నా కొలువు రానీ, నీ సదువు నేను సూస్కుంట" అని అన్న మాటిచ్చాడు. ఇప్పుడామెకు పట్నంలోనే నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. సోమవారం లోపు ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

కొలువొచ్చి ఇన్ని నెలలైనా మధుకర్ ఖాతాలో చిల్లర తప్ప ఏమీ లేదు. కంగారు పడకండి. అంతా టీము కడుపుల్లో భద్రంగా ఉంది.

వాడు పర్సనల్ లోన్ పెట్టాడు. మంజూరైందని ఫోనుకు మెసేజి వచ్చింది. పక్క సీటు వంశీ దాన్ని చూశాడు. మా ఊళ్లో అప్పు చేసినవాడు తల దించుకుని పక్క సందులోంచి ఇల్లు చేరేవాడు. ఈ ఐటీ కారిడార్‌లో పద్ధతి వేరు. వంశీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడట.

"బ్యాంకే నిన్ను నమ్మింది మామా. ఇంతకన్నా ఏం కావాలి? ట్రీట్ ఎప్పుడు?"

శుక్రవారం మధ్యాహ్నం బఫే అని ఖాయమైంది. పద్నాలుగు మంది. ఆ బిల్లు కడితే ఫీజుకు తక్కువ పడుతుంది.

"వద్దనరాదా?" అన్నాను. నా వరకు అది పెద్ద ఉపన్యాసమే.

"ఎట్లంట కాకా? అందరివి తిన్న. నా వంతు వచ్చినంక ఎనక్కు జరిగితే ఇజ్జత్ పోతది."

అప్పుడే శుక్రవారం తెలంగాణ బంద్ అని ప్రకటించారు. కంపెనీ వెంటనే శుక్రవారం సెలవిచ్చి, దానికి బదులు శనివారం పనికి రమ్మంది. అటు బంద్‌కు మద్దతు, ఇటు డెడ్‌లైన్‌కు మద్దతు. హోటళ్లు షట్టర్లు దించాయి. మధుకర్ మొహం చాలా రోజుల తర్వాత కొంచెం తెరిపిన పడింది. బస్సులు ఆగిపోతాయని హర్షిణి గురువారమే వచ్చేసి మా ఇంట్లో దిగింది, నా భార్య బుచ్చమ్మ దగ్గర.

శుక్రవారం పొద్దున వంశీ ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టకపోయినా గేటు దాకా వినబడింది.

"హోటల్ బంద్ అయితే ఏంటి మామా, నీ రూమ్ బంద్ కాదుగా. సందుల్లోంచి బైకుల మీద వచ్చేస్తాం."

మధుకర్ మెట్ల మీద కూలబడ్డాడు. తలుపు చాటు నుంచి హర్షిణి బయటకు వచ్చింది.

"తీయ్ అన్నా, ఫికర్ చెయ్యకు. వచ్చే ఏడు చేరుత."

నవ్వుతూనే అంది. నిరుడు కూడా ఇలాగే నవ్వుతూ అని ఉంటుంది.

వంటింట్లోంచి బుచ్చమ్మ గరిటెతో సహా వచ్చింది.

"ఎంతమంది రా?"

"పద్నాలుగు మంది చిన్నమ్మా."

"రమ్మను, వండుత. కని ఇంట్ల తింటే హోటల్ తీరు నడువది. మన రివాజు నడుస్తది."

మా దొడ్డి కోళ్లలో నాలుగింటికి ఆ రోజు సెలవు దొరకలేదు.

పిల్లలు వచ్చారు. బగారన్నం, కోడికూర. బఫేలో సగం ప్లేటు వదిలేసేవాళ్లు మా వాకిట్లో విస్తళ్లు తుడిచినట్టు తిన్నారు. లేచి చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లారు. అక్కడ కుర్చీలో హర్షిణి కూర్చుని ఉంది, నుదుట బొట్టుతో. ఎదురుగా స్టూలు మీద ఇత్తడి తాంబాళం, అందులో అక్షింతలు, తమలపాకులు. పక్కన బుచ్చమ్మ.

మా పల్లెల్లో శుభకార్యంలో భోంచేసినవాళ్లు ఊరికే పోరు. చేతనైనంత ఆ ఇంటివాళ్ల చేతిలో పెడతారు. ఎవరెంత పెట్టారో ఒకడు నలుగురికీ వినబడేలా చదువుతాడు. వాటినే చదివింపులు అంటారు. వినబడడమే అందులో కీలకం.

"ఏమయ్యో, నువ్వే సదువు" అని బుచ్చమ్మ ఆ పని నాకు అప్పగించింది. ఇంటిపట్టున రోజుకు నాలుగు మాటలు మాట్లాడేవాడికి!

"ఇదేంటి ఆంటీ?" అన్నాడు వంశీ, కర్చీఫుతో మూతి తుడుచుకుంటూ.

"పిల్ల కాలేజిల చేరుతున్నది బిడ్డా. తిన్నోళ్లు సదివిస్తరు."

"ట్రీట్ మధుకర్‌ది కదా ఆంటీ."

"వాడు లోను తెచ్చింది గీ పిల్ల ఫీజుకే. మరి నువ్వు ఎవలది తిన్నట్టు?"

వంశీ పక్కనున్న మౌనిక వైపు చూశాడు. మౌనిక తాంబాళం వైపు చూసింది. ఆ లోను ఎందుకో టీములో ఒక్కరికీ తెలియదు. తెలియడానికి ఎవరూ అడగలేదు. ట్రీట్ ఎప్పుడని మాత్రం అందరూ అడిగారు.

టీము లీడరు రంగనాథ్‌ది కడప పక్క. నిన్నమొన్నటి దాకా రాష్ట్రం గురించి మధుకర్‌తో గొంతు చించుకున్న మనిషే. ముందుగా పర్సు తీసింది ఆయనే.

"మా పక్కా ఇంతేనమ్మా. మా అక్క పెండ్లిలో చదివింపులు పొద్దుగూకేదాకా చదివినారు" అని, మధుకర్ వైపు తిరిగాడు. "ఏమప్పా, ముందే చెప్పింటే బఫే అడుగుతుంటిమా?"

నేను గొంతు సవరించుకున్నాను.

"కడప రంగనాథ్ గారు, వెయ్యిన్నూట పదహార్లు!"

నా గొంతు అంత దూరం పోతుందని నాకే తెలియదు. పైఅంతస్తుల వాళ్లు పిట్టగోడల మీద నుంచి తొంగి చూశారు.

లీడరు అంత పెట్టాక, అప్రైజల్ నెల ముందుండగా, ఎవడు యాభై పెడతాడు? మౌనిక ఐదొందల పదహార్లు పెట్టింది. ఆమె వెనక లైను కట్టారు. వంశీ మాత్రం జేబులు తడుముకున్నాడు.

"క్యాష్ లేదాంటీ. కార్డే ఉంది."

"కార్డుకు బొట్టు వెట్టి వాపస్ ఇయ్యాల్నా బిడ్డా? దోస్తుల దగ్గర చేబదులు తీస్కో."

తీసుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదవడం నా పని.

"వంశీ గారు, ఐదొందల పదహార్లు. మౌనిక గారి చేబదులు."

చివరికి బుచ్చమ్మ కూడా కోళ్ల ధర అడగకుండా తన వంతు నూటపదహార్లు చదివించింది. లోను లోనులాగే ఉంది. తాంబాళంలో పడింది హర్షిణి హాస్టలుకు సరిపోయింది. శనివారం రంగనాథ్ మధుకర్‌ను ఆలస్యంగా రమ్మన్నాడు. వాడు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లి డీడీ తీసి, చెల్లెల్ని వెంటబెట్టుకుని కాలేజీలో కట్టి, ఆ తర్వాతే ఆఫీసు మెట్లెక్కాడు.

కనుక పాఠకులారా, ట్రీట్ ఒక వరం అన్న నా మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు. నా బాధల్లా దానికి పట్టిన గతి చూసి. మొన్న మధుకర్ పాత బండి ఒకటి కొన్నాడు. టీములో ఒక్కడూ నోరెత్తలేదు. వంశీకి ప్రమోషన్ వచ్చి రెండు నెలలైతే నిన్నటిదాకా దాచాడట. ఎవరైనా పొరపాటున ట్రీట్ అంటే, "దానికేంది, కొత్తగూడల పెట్టుకుందాం" అంటున్నాడట మధుకర్. వెంటనే అందరికీ మీటింగులు గుర్తొస్తున్నాయి.

ఇలాగైతే ఏమైపోవాలి? నెలాఖరుకు మధుకర్ జేబులో జీతం ఉంటోంది. తినేవాడు లేక అది అక్కడే ముక్కిపోదా?

ఆదివారం హర్షిణి ఫోన్ చేసింది. క్లాసులు బాగున్నాయట. సీనియర్లు మాత్రం కొత్తవాళ్లను పార్టీ అడుగుతున్నారట. ఏం చెయ్యమంటావని అన్నను అడుగుతోంది. మధుకర్ నా వైపు చూశాడు. వాడి చేతిలోంచి బుచ్చమ్మ ఫోను అందుకుంది.

"రమ్మను బిడ్డా. తాంబాళం తోమి పెడ్త."

నేను గొంతు సవరించుకున్నాను.