హొన్నూరమ్మ ఉత్త నడక

ఆ పొద్దున హొన్నూరమ్మ అనుకున్నది చాలా చిన్న పని. తెల్లారకముందే లేవాలి, ఊరు కళ్లు తెరిచేలోగా గంటసేపు నడవాలి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి పొయ్యి ముట్టించాలి. అంతే. ఇందులో ఊరంతా వచ్చి పడే సందు ఎక్కడుందో ఆమెకు ఆ రోజుకు తెలియదు.

ముందురోజు పావగడలో డాక్టరు ఆమె రక్తపరీక్ష చీటీ చూసి, "షుగరు వచ్చిందమ్మా నీకు. దినామూ గంటసేపు నడవల్ల" అన్నాడు.

"నేను నడవకుండా ఇంకెవరు నడుస్తారు సార్? బిందె ఎత్తుకోని తోటబావికి దినానికి నాలుగుసార్లు పోయొస్తా."

"అది పని నడక. నేను చెప్పేది ఉత్త నడక."

"ఉత్త నడకంటే యాడికి పోవల్ల?"

"యాడికీ పోవద్దు. ఊరికే నడువు."

యాడికీ పోకుండా నడవడం ఎట్లాగో హొన్నూరమ్మకు బస్సు దిగేదాకా అర్థం కాలేదు. హొసకోట దగ్గర దిగి ఊరికి మూడు మైళ్లు నడిచి వచ్చింది గానీ, అది ఇంటికి పోవడానికి నడిచింది కాబట్టి లెక్కలోకి రాదనుకుంది. షుగరు సంగతి మాత్రం మొగుడు ఓబళప్పకు కూడా చెప్పలేదు. కారణం ఉంది. పావగడ బజారులో అంగళ్లవాళ్ల ఆడవాళ్లు పొద్దున్నే కొండకింద రోడ్డుమీద నడుస్తుంటే, వాళ్లు ఊగే తీరును ఈమె పదేండ్లుగా శెనక్కాయలు వలిచేచోట అభినయించి చూపిస్తూ ఉండేది. "కూసోని తినేవాళ్లకు వచ్చే రోగంప్పా అది" అని ఆమె నడుం తిప్పితే, వలిచేవాళ్లు చేతిలోని కాయలు వదిలేసి నవ్వేవాళ్లు. ఇప్పుడు ఆ రోగం తనకే వచ్చిందని ఏ నోటితో చెప్పుకుంటుంది?

అందుకే ఎవరూ రాని చోటు వెతుక్కుంది. వానల్లేక చెరువు ఎండి మూడేండ్లయింది. లోపల నేల బండపరిచినట్టు చదునుగా ఉంటుంది. కుక్కలు వస్తాయేమోనని, ముళ్లకంప ఎత్తే పంగల కట్టె ఒకటి చేతబట్టింది. నాలుగడుగులు వేసేసరికి చెప్పుకు బొటనవేలి ఉంగటం తెగింది. చెప్పులు కట్టమీద పారేసి వట్టికాళ్లతోనే నడిచింది.

నడుస్తుంటే ఆశ్చర్యంగా బాగుంది. ఎండాకాలమైనా ఆ వేళకు గాలి చల్లగా ఉంది. తుమ్మల్లో కౌజు పిట్టలు కూస్తున్నాయి. పెండ్లయిన నాటినుంచీ ఆమె చంకలో బిందో బిడ్డో లేకుండా ఇల్లు దాటింది లేదు. ఇప్పుడు ఒక చేయి పూర్తిగా ఖాళీ. దాన్ని ఏం చేయాలో తెలియక ముందుకూ వెనక్కూ ఊపి చూసింది. అంగళ్లవాళ్ల ఆడవాళ్లు ఎందుకు ఊగుతారో అప్పుడు అర్థమైంది. పదో చుట్టుకు మాత్రం వయసు గుర్తొచ్చింది. కాళ్లు వణికాయి. కట్టెను నేలకు ఆనించి, కళ్లు మూసుకుని రొప్పుతూ నిలబడింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి కాటమ్మ చెంబు పట్టుకుని చెరువు కట్ట దిగుతోంది.

భూమిలో నీళ్లు చూసేవాళ్లు ఆ సీమలో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లూ ఇట్లాగే తెల్లారకముందే వస్తారు. వట్టికాళ్లతో, చేతిలో పంగల పుల్లతో బీడునేలమీద నడుస్తారు. కింద నీళ్లున్నచోట కాళ్లు వణికి ఆగిపోతారు. ఇది కాటమ్మకు తెలుసు. చిన్నపిల్లకైనా తెలుసు.

"ఏందక్కా, ఈ పొద్దులో ఈడేం చేస్తాండావ్?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ వణుకేంది?"

హొన్నూరమ్మకు ఊపిరి అందలేదు. అందిన కాస్తలో "నేల... చూస్తాండా" అంది.

కాటమ్మ తాను చెంబుతో ఎందుకొచ్చిందో కూడా మరిచిపోయి వెనక్కి పరుగెత్తింది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి హొన్నూరమ్మకు లేని వంశచరిత్ర కూడా వచ్చేసింది. ఆమె పుట్టినూరు వెంకటమ్మనహళ్లి పక్కన, అక్కడ ఆమె తాతకు నూరడుగుల లోతున నీళ్లు కనబడేవని చెప్పుకున్నారు. పాపం, ఆ తాత బతుకంతా మేకలు కాచాడు. తప్పిపోయిన మేకలే ఆయనకు సరిగా కనబడేవి కావు.

మరునాడు పోయి చూస్తే, ఆమె ముందురోజు రొప్పినచోట ఒక రాయి నిలబెట్టి పసుపూ కుంకుమా పెట్టారు. కట్టమీద ఇరవైమంది నాటకం చూడవచ్చినవాళ్లలా కూర్చున్నారు. తిరిగి పోదామనుకుంది. పోతే ఎందుకు పోతున్నావని అడుగుతారు. నడిచింది. ఆగకూడదనుకుంది గానీ, ఊపిరి ఆమె మాట వినలేదు. రెండుచోట్ల ఆగింది. ఆమె ఇల్లు చేరేలోపు రెండు రాళ్లు లేచాయి.

నాలుగు రోజుల్లో ఆమె బతుకు మారిపోయింది. అరుగుమీది మగవాళ్లు ఆమెను చూసి లేచి నిలబడసాగారు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని కూడా ఎన్నడూ అడగని ఓబళప్ప, ఎద్దును అమ్మాలా వద్దా అని ఆమెను అడిగాడు. కాటమ్మ నెయ్యి పోసి పూర్ణం ఓళిగలు తెచ్చి, తినేదాకా కదలలేదు. ఆ ఓళిగలు అరగడానికి హొన్నూరమ్మ ఇంకో రెండు చుట్లు తిరిగేది. ఆ చుట్లకు ఇంకో రెండు రాళ్లు లేచేవి. తానేమీ అబద్ధం చెప్పలేదని ఆమె తనకు తానే నచ్చజెప్పుకుంది. నిజం చెప్పలేదు, అంతేగా. పైగా ఓళిగలు మెత్తగా ఉన్నాయి.

అయిదో రోజు మండల్ పంచాయతి మెంబరు నారాయణప్ప వచ్చాడు.

"పెద్దమ్మా, సర్కారు మనూరికి ఒక బోరు ఇచ్చినాది. శుక్రవారం మిషను వస్తాది. పోయిన నెల ఇంజినీరు వచ్చి స్కూలు కాడ సున్నం గుర్తు పెట్టిపోయినాడు. అయితే ఊరంతా ఒకటే మాట. సున్నం గుర్తు వద్దు, నీ మొదటి రాయి కాడే ఏయల్ల అని."

"ఒక్కటేనా బోరు?"

"ఒక్కటే. ఇది తప్పితే ఇంగ రెండేండ్లు మన వంతు రాదు."

హొన్నూరమ్మ చేతిలోని ఓళిగ ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టేసింది. రెండేండ్లు. ఊళ్లో ఆడవాళ్లంతా రెండేండ్లు ఎండలో తోటబావికి బిందెలు మోయాలి, తనకు పదో చుట్టులో ఆయాసం వచ్చిందని!

ముందు మొగుడికి చెప్పింది. ఓబళప్ప భుజంమీది తువ్వాలు జారిపోయేలా నవ్వాడు. తర్వాత బోరు సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపాడు. "పోయి చెప్పేసెయ్యే" అన్నాడు. సాయంత్రం స్కూలు ముందర ఊరంతా చేరినప్పుడు ఆమె లేచి నిలబడింది.

"నాకు నీళ్లూ తెలీదు, నిప్పులూ తెలీదు. నాకు షుగరు వచ్చినాది. డాక్టరు నడవమన్నాడు, నడిచినా."

కాటమ్మ చప్పట్లు కొట్టింది.

"చూసినారా ఎంత అణకువో! మనట్లాటోళ్లకు షుగరు యాడ వస్తాదక్కా? అది కూసోని తినేవాళ్లకు వచ్చే రోగమని నువ్వే కదా మాకు చెప్పింది?"

"నీళ్లు చూసేటోళ్లు బయట చెప్పుకుంటే చూపు పోతాదంట" అని నారాయణప్ప అందరికీ వివరించాడు. "పెద్దమ్మ ఇంగ ఏమీ చెప్పద్దు. మాకు అర్థమైనాది."

హొన్నూరమ్మ కొంగు ముడి విప్పి డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించింది. అది చేతులు మారి మారి, చదువుకున్నవాళ్ల దగ్గరికి కూడా పోయి, డాక్టరు రాత కావడంతో ఎవరికీ ఏమీ చెప్పకుండానే తిరిగొచ్చింది.

ఇంటికి పోతుంటే ఆమెకు ఉపాయం తట్టింది. ఇంజినీరు చదువుకున్నవాడు. నీళ్లు చూసే మిషను పెట్టి, లెక్క చూసి గుర్తు పెట్టి ఉంటాడు. నీళ్లుంటే ఆ సున్నం గుర్తు కిందే ఉంటాయి. తాను పోయి దానిమీద నిలబడి వణికితే సరి! రెండు రోజులు మేకలదొడ్డిలో ఓబళప్ప ముందు అభ్యాసం చేసింది. "చలిజ్వరం మాదిరి ఉండాది. ఇంకొంచెం దేవుడొచ్చినట్ల వణుకు" అని అతను దిద్దాడు.

శుక్రవారం బోరు లారీ వచ్చింది. వెనక జీపులో టోపీ పెట్టుకున్న ఇంజినీరు. ఊరంతా వెంట రాగా హొన్నూరమ్మ కట్టె పట్టుకుని చెరువులోంచి బయలుదేరింది. ఒక్కొక్క రాయి వస్తుంటే జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. ఆమె ఊపిరి అంతకుముందే బిగుసుకుంది. ఎక్కడా ఆగకుండా చెరువు దాటి, కట్ట ఎక్కి, స్కూలు దాకా పోయి సున్నం గుర్తుమీద నిలబడింది. వణకాల్సిన పనే లేకపోయింది. కాళ్లు వాటంతటవే వణికి, మనిషి గుర్తుమీదే కూలబడింది.

"ఈడే! ఈడే!" అని ఊరు అరిచింది. నారాయణప్ప లారీకి చేయి ఊపాడు.

ఇంజినీరు పరుగెత్తుకొచ్చి, జనాన్ని దూరం జరగమని, ఆమెను గోడ నీడకు నడిపించి పక్కన గొంతుకూర్చున్నాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, నిజం చెప్పు. ఈడ నీళ్లుండాయా?"

"ఏంది సామీ అట్లంటావ్? గుర్తు పెట్టింది నువ్వు కదా! మిషను పెట్టి చూసింటావు కదా?"

"ఆ పొద్దు మిషను రిపేరీలో ఉండె. ఎండకు తాళలేక స్కూలు నీడన నిలబడినా. లారీ తిరిగేదానికి జాగా ఉండాదని ఈడ సున్నం ఏసినా. నీ సంగతి విని, ఈ పొద్దు నీ రాయి కాడికి మారుద్దామని కాగితం కూడా రాసుకోని వచ్చినా."

హొన్నూరమ్మ కొంగుకు అంటిన సున్నం దులుపుకుంది.

"మరి నీ వణుకు?" అన్నాడు ఇంజినీరు.

"షుగరు సామీ."

ఆయన మాట్లాడడానికి నోరు తెరిచాడు. అప్పటికే వెనక మిషను నేలలోకి దిగింది. ఆ మోతలో ఏమన్నాడో ఆమెకు వినబడలేదు.

నూరడుగులకు తెల్లదుమ్ము వచ్చింది. రెండునూర్లకూ దుమ్మే. చూస్తున్నవాళ్లంతా పిండిలో ముంచి తీసినట్టయ్యారు. హొన్నూరమ్మ, ఇంజినీరు ఒకే గోడకు ఆనుకుని, ఒకరివైపు ఒకరు చూడకుండా నిలబడ్డారు. "మా అక్క ఊరికే వణకదు" అని కాటమ్మ మాత్రం అందరికీ ధైర్యం చెబుతోంది. ఆమె ధైర్యం చెప్పేకొద్దీ హొన్నూరమ్మ గోడకు ఇంకా అతుక్కుపోయింది. రెండునూర్ల అరవై అడుగుల దగ్గర దుమ్ము తడిసింది. తర్వాత బురద, ఆ తర్వాత స్కూలు పెంకుల ఎత్తుకు నీళ్లు లేచాయి.

ముసలీ ముతకా అందరూ తడిశారు. మొదటి లోటా హొన్నూరమ్మ చేతికే ఇచ్చారు. నీళ్లు కొంచెం చౌడుగా ఉన్నాయి, కానీ నీళ్లే. ఆమె కళ్లు కూడా తడిశాయి, ఆ జల్లులో ఎవరూ గమనించలేదు. శాస్త్రప్రకారం పరీక్షించి వేసిన బోరని ఇంజినీరు కాగితంలో రాసుకున్నాడు. హొన్నూరమ్మ వణికిన బోరని ఊరు పేరు పెట్టుకుంది. ఆయనా కాదనలేదు, ఆమె కూడా కాదనలేదు.

ఆ తర్వాత ఆమె చెరువు వదిలి హొసకోట రోడ్డున నడవసాగింది. కానీ చుట్టుపక్కల చేన్లవాళ్లు గట్లమీద కాచుకుని ఉండేవారు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో రాయి. వేసవి ముగిసేలోపు ఆమెకు గంటసేపు ఎక్కడా ఆగకుండా నడవడం వచ్చేసింది. పొద్దున గాలి బాగుంటుందని ఓబళప్ప కూడా వెంట బయలుదేరాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి అతనికి ఆయాసం వచ్చింది.

"ఒక్క గడియ నిల్సుకోవే, ఊపిరి ఆడలేదు."

హొన్నూరమ్మ రెండు చేతులూ ఊపుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"నిల్సుకుంటే బోరేస్తారు. నడువప్పా."