గురి తప్పని బండి

ఆ ఉదయం పెద్ద ఇంజినీరు అద్దం ముందు మీసం దువ్వుకుంటూ, "పదకొండుకల్లా పనైపోతుంది, భోజనానికి ఇంట్లోనే ఉంటా," అని భార్యతో ధీమాగా చెప్పాడు. ధీమాకి ఆయన దగ్గర ఏనాడూ లోటు లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడమే కాదు, ఆ మూడింటికీ కొలతలతో సహా బొమ్మ గీసి చూపించగల మనిషి.

ఆయన ఏడేళ్లు శ్రమపడి తయారుచేసిన విమాన విధ్వంసక బండికి ఆ రోజు సైన్యం వారి పరీక్ష. గొలుసు చక్రాల మీద ఎంతటి గుంటనైనా దాటే ఉక్కు బండి అది. పైన చుట్టూ తిరిగే టరెట్ అనే ఉక్కు గది, దానికి రెండు పక్కలా రెండేసి తుపాకీ గొట్టాలు, వెనక పళ్లెంలాంటి రాడార్. ఆకాశంలో ఎగిరేదాన్ని రాడార్ పసిగట్టిందంటే గొట్టాలు వాటంతటవే అటు తిరుగుతాయి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా "పరుగెత్తుతూ కూడా గురి తప్పదు" అని ఇంజినీరు రాసిన ఒక్క వాక్యం దగ్గరే. "అంత కుదుపులో గురేమిటండీ, మనిషి కూర్చోవడమే కష్టం," అని పోయినసారి జనరల్ కొట్టిపారేశాడు. ఈసారి కూడా ఆయన ఒప్పుకోకపోతే బండి పాత ఇనుముకి పోతుంది.

పథకం తేలికైనదే. గొట్టాల్లో గుళ్లుండవు. ఒక నమూనా విమానం ఎగురుతుంది, నిలబడ్డ బండి దానికి గురిపెడుతుంది. తర్వాత బ్యాండు మోగగానే డ్రైవరు బండిని మైదానమంతా పరుగెత్తిస్తాడు.

తీరా సమయానికి నమూనా విమానం మొరాయించింది. టరెట్‌లో రాడార్ తెర ముందు కూర్చునే ఉద్యోగి, ఇంజినీరుకి స్వయానా బావమరిది, పరుగున వచ్చాడు.

"బావా, విమానం లేవట్లేదు. వాయిదా అడుగుదామా?"

"వాయిదా అడిగితే చేతకాలేదని ఒప్పుకున్నట్టేరా! స్వాగత ద్వారానికి వెండిరేకు బుడగలు కట్టారుగా, పెద్దది ఒకటి వదిలించు. రేకు రాడార్‌కి బాగా కనిపిస్తుంది."

"బుడగ మరీ మెల్లగా పోతుంది బావా. పిట్టల వెంట పడకుండా, మెల్లగా పోయేవాటిని రాడార్ వదిలేసేలా వేగానికి హద్దు పెట్టింది మీరే కదా?"

"పెట్టిందీ నేనే, తీసేదీ నేనే. సున్నా చేసెయ్."

"గాలి జనరల్ గారి వైపు వీస్తోంది..."

"గాలి సంగతి నేను చూసుకుంటాలే!"

గాలి ఆయన్ని లెక్కచెయ్యలేదు. బుడగ ఊగుతూ ఊగుతూ వేదిక మీదికి వచ్చి, దాని దారం సరిగ్గా జనరల్ కుర్చీ వెనకున్న గుంజకి చుట్టుకుంది. కింద కూర్చున్న జనరల్‌కి పందిరి గుడ్డ అడ్డం, బుడగ కనబడదు. కనబడిందల్లా నాలుగు గొట్టాలు తనవైపు తిరిగి, మెల్లగా, వినయంగా కిందికి వంగడం.

"ఓహో, వందనమా!" అనుకున్నాడాయన. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి లేచి నిలబడి బండికి తిరిగి వందనం చేశాడు. జనరల్ వందనంలో ఉన్నాడంటే బ్యాండు మాస్టరుకి ఒకటే అర్థం. కర్ర ఎత్తాడు. జాతీయ గీతం మొదలైంది.

ఇక కదిలినవాడు ఉంటే ఒట్టు. టరెట్‌లో బండినాపే మీట నొక్కాల్సిన బావమరిది క్రమశిక్షణ కలవాడు కనుక పైమూత తెరుచుకుని నిటారుగా లేచి నిలబడ్డాడు. ఇంజినీరుకి పైప్రాణాలు పైనే పోతున్నా కాళ్లు దగ్గర పెట్టి కొయ్యలా నిలబడక తప్పలేదు. కదిలినవాడు డ్రైవరు ఒక్కడే. మూత బిగించుకుని ఇంజను రొద మధ్య కూర్చున్న ఆ పెద్దమనిషికి గీతమేదో తెలియలేదు, డోలు మోత మాత్రం వినబడింది. బ్యాండు మోగిందంటే బండి కదలాలి. కదిలించాడు.

బండి పూలకుండీలను నుజ్జు చేసింది. గుంటలో దిగింది, గట్టెక్కింది, ఒక పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంది. నాలుగు గొట్టాలు మాత్రం జనరల్ టోపీ మీంచి చూపు తిప్పలేదు. 'అయిపోయింది, నా బతుకు పాత ఇనుమైపోయింది' అనుకున్నాడు ఇంజినీరు. జీవితంలో మొదటిసారి ఆయన ధీమా ఆయన్ని వదిలేసింది.

గీతం ముగియగానే బావమరిది లోపలికి దూకి మీట నొక్కాడు. బండి వేదిక ముందు ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, "బాగా తిప్పానా సార్?" అన్నాడు సంతోషంగా.

జనరల్ చెమట తుడుచుకుంటూ దిగివచ్చాడు. "గుళ్లున్నాయా అందులో?"

"లేవు సార్... పైన బుడగ ఉంది సార్," అన్నాడు ఇంజినీరు పీలగా.

జనరల్ తల ఎత్తి బుడగను చూశాడు. "పక్కకి దూకేద్దామనుకున్నానయ్యా. గీతం వస్తోంది, ఎలా దూకను? వేరే పని లేక ఆ గొట్టాలనే చూస్తూ నిలబడ్డాను. బండి గుంటలో పడి లేచింది, గురి మాత్రం వెంట్రుకవాసి జరగలేదు. పరుగెత్తుతూ కూడా గురి తప్పదన్నది నిజమే. నాకంటే గట్టి సాక్షి ఇంకెవడుంటాడు?"

సాయంత్రానికల్లా ఆమోద పత్రం చేతికొచ్చింది. అందులో షరతు ఒక్కటే: ఇకమీదట ప్రతి పరీక్షలోనూ బుడగను ఇంజినీరు గారి కుర్చీకే కట్టాలి.