నమూనా ఒడి

టాక్సీలో వెళ్ళే పసిపిల్లలకు ముప్పు కారు వల్ల రాదు, రోడ్డు వల్ల రాదు, డ్రైవరు వల్ల అసలే రాదు, ఒడి వల్లనే వస్తుందని నందిగామ శిశురవాణా తనిఖీ కార్యాలయం 1981 ఎండాకాలంలో తేల్చింది. అంతకు ముందు అలాంటి కార్యాలయం లేదు. ఏదో ఒకటి తేల్చాలి గనక పెట్టారు.

దీనికంతటికీ కారణం బసవమ్మ మనవరాలు పుష్పవతి. అంతకు ముందు చలికాలంలో జగ్గయ్యపేట నుంచి చిల్లకల్లు వస్తుంటే, మలుపులో స్తెఫను టాక్సీ వెనక తలుపు ఊడి తెరుచుకుంది. బసవమ్మ ఒళ్ళో ఉన్న పిల్ల జారి రోడ్డు మీద పరిచిన మినప కట్టె మీద పడింది. (వచ్చేపోయే బండ్ల చేత నూర్పిడి చేయించుకోడానికి పంటను రోడ్డు మీద పరవడం ఆ వైపు రైతుల ఆనవాయితీ. అది తప్పని సర్కారువారు చాలాసార్లు చాటింపు వేయించారు. ఆ రోజు పిల్లను పట్టుకున్నది మాత్రం ఆ తప్పే.) కనుబొమ మీద చిన్న గాటు పడింది. పిల్ల లేచి నిలబడి, దుమ్ముకు రెండుసార్లు తుమ్మింది.

దాని మీద విచారణ జరిగింది. తలుపు చేసింది కంపెనీ, రోడ్డు వేసింది సర్కారు, డ్రైవరుకు లైసెన్సు ఉంది. ఎవరి పూచీ లేకుండా ఆ కారులో ఉన్నది బసవమ్మ ఒడి ఒక్కటే. ఐదేళ్ళలోపు పిల్లలు టాక్సీలో లెక్కకు రారు, ఒళ్ళోనే కూర్చుంటారు గనక ఒడి సీటు కిందికి వస్తుందనీ, సీటన్నాక తనిఖీ చేసి పాసు చెయ్యాలనీ ఉత్తర్వు వచ్చింది. తలుపు గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. స్తెఫనే దాన్ని కొబ్బరి తాడుతో కట్టుకున్నాడు.

బ్రేకులు చూసే ఆఫీసరును ఆ వైపు జనం బ్రేకినస్పెక్టరు అంటారు. ఒళ్ళు చూసే ఆఫీసరు గనక కొత్తగా వచ్చిన వెంకటరత్నానికి ఒళ్ళినస్పెక్టరు అని పేరు పడింది. ఆయన చెడ్డవాడు కాదు. వయసులో ఉన్నవాడు, లంచం ముట్టనివాడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. అందువల్ల ఆయన నుంచి తప్పించుకునే దారి ఎవరికీ కనపడలేదు.

వైశాఖంలో బసవమ్మ కూతురు భారతీదేవికి నందిగామ ఆసుపత్రిలో రెండో కాన్పు అయింది. మగపిల్లాడు. తెల్లారి స్తెఫను చేత కబురు పంపింది, పుష్పను ఒకసారి చూడాలని ఉంది, తీసుకురమ్మని. కబురు చివర ఒక ముక్క ఉంది. స్తెఫను దాన్ని చెప్పనా వద్దా అని కాసేపు నసిగి, చెప్పాడు.

“ఈసారి జారనీకుండా తీసుకురమ్మన్నారండి.”

బసవమ్మ లోపలికి వెళ్ళి పెట్టెలోంచి పెనిమిటి నేత పంచె తీసుకుని వచ్చింది. కారు ముందు సీటులో ఆనుకునే పలకకూ కూర్చునే పలకకూ మధ్య సందులోంచి పంచె దూర్చి, పైనుంచి తిప్పి తెచ్చి, పిల్ల రెండు చంకల కిందుగా చుట్టి ముడి వేసింది. ముడిలో వేలు పెట్టి చూసుకుంది. పిల్లకు ఊపిరి ఆడుతుంది, పిల్ల మాత్రం కదలదు. పుష్ప ఇదేదో ఉయ్యాల అనుకుని కాళ్ళు ఆడించసాగింది.

“ఈ కారులో తలుపుని కట్టాం గానీ అమ్మగారూ, మనిషిని కట్టడం ఇదే మొదలండి” అన్నాడు స్తెఫను.

“నువ్వు తలుపుని కట్టావు గనకే నేను పిల్లని కడుతున్నా. పోనీ.”

వెనక సీటులో దశరథరామయ్య, జ్ఞానయ్య కూర్చున్నారు. దశరథరామయ్య మిరప చేలున్న ఆసామి, బొజ్జ మనిషి. జ్ఞానయ్య బడిపంతులు. బావమరిది ఇంటికి కోడిగుడ్ల బుట్ట తీసుకుపోతున్నాడు. బుట్టలో అడుగున వరిగడ్డి, గుడ్డుకూ గుడ్డుకూ మధ్య వరిగడ్డి, పైన గోనెపట్టా, దాని మీద అడ్డంగా నిలువుగా పురికొస. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టూ వేసి పట్టుకున్నాడు.

చిల్లకల్లు దగ్గర హైదరాబాదు రోడ్డు ఎక్కేచోట వెంకటరత్నం బల్ల, కుర్చీ, గొడుగు వేసుకుని ఉన్నాడు. చెయ్యెత్తి కారు ఆపి, లోపలికి వంగి చూసి, కట్టేసి ఉన్న పిల్లను చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ఏం చేసిందని కట్టారని అడిగాడు. ఏం చేస్తుంది, మూడేళ్ళు నిండలేదు, పడకుండా కట్టానని బసవమ్మ చెప్పింది.

వెంకటరత్నం ఓపికగా వివరించాడు. మనిషిని కట్టి తీసుకుపోయే అధికారం పోలీసువారికి ఉంది, అదీ కోర్టు చెబితేనే. మామూలు జనం కట్టి తీసుకుపోదగ్గది సామాను. కాబట్టి పిల్లను కట్టినంతసేపు పిల్ల సామాను కింద లెక్క. సామాను లోపల పెట్టడం కూడదు, పైన కారియరు మీద వెయ్యాలి.

“పిల్లని కారుమీద వెయ్యమంటావా నాయనా?” అంది బసవమ్మ.

“వెయ్యమనడం లేదండి. విప్పమంటున్నాను. విప్పితే మనిషి అవుతుంది. మనిషి అయితే ఒడి ఉండాలి.”

వెనక సీటులోకి చూసి, గుడ్ల బుట్టను నాలుగు వైపులా తట్టి, ఏర్పాటు తృప్తికరంగా ఉందని జ్ఞానయ్యను మెచ్చుకున్నాడు. (గుడ్లకు నిబంధనలు లేవు. ఎవరికి తోచినట్టు వాళ్ళు జాగ్రత్తపడుతున్నారు.)

బసవమ్మ ముడి విప్పింది. వెంకటరత్నం అందరినీ ఒళ్ళు పరీక్షకు దిగమన్నాడు.

“ఒళ్ళు బాగానే ఉందయ్యా” అంది బసవమ్మ. “మొన్నటిదాకా కాస్త నలతగా ఉండేది. ఇప్పుడేం లేదు.”

ఒళ్ళంటే ఒంటి సంగతి కాదనీ, పిల్లను కూర్చోబెట్టుకునే ఒడి అనీ స్తెఫను చెవిలో చెప్పాడు. దానికి పరీక్షేంటని ఆవిడ పైకే అడిగింది.

ఒడికి ఒక ఇబ్బంది ఉంది. నిలబడితే అది ఉండదు. కూర్చుంటేనే వస్తుంది. అందుకని పరీక్షకు కుర్చీ కావాలి. అక్కడున్న కుర్చీ ఒక్కటే, అది ఆఫీసరుది. ఆయన లేచి ఎండలో నిలబడి, ఒక్కొక్కరినీ దాంట్లో కూర్చోబెట్టి టేపుతో కొలిచాడు. బసవమ్మ ఒడి పొడవుకూ వెడల్పుకూ సరిపోయింది గానీ, ఇదివరకు పిల్ల అందులోంచి పడింది గనక తోసిపుచ్చాడు. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది. దశరథరామయ్య కూర్చుంటే మోకాళ్ళ దాకా బొజ్జే వచ్చింది. టేపు ఎక్కడ పెట్టాలో తెలియక వెంకటరత్నం ఒడి దొరకలేదని ప్రకటించాడు. అరవై ఏళ్ళు వచ్చాయి, నలుగురు బిడ్డల్ని ఈ ఒళ్ళోనే పెంచా, ఇవాళ లేదంటే ఎట్టా అని దశరథరామయ్య బాధపడ్డాడు. జ్ఞానయ్య ఒడి బాగుంది గానీ ఖాళీ లేదు. గుడ్లు కింద పెట్టమంటే ఆయన ఒప్పుకోలేదు. పిల్లను ఎవరైనా పట్టుకుంటారు, గుడ్లను ఎవరు పట్టుకుంటారని అడిగాడు.

మిగిలింది స్తెఫను. లైసెన్సు ఉన్నవాడి ఒడి మిగతా ఒళ్ళకంటే మెరుగని వెంకటరత్నం అభిప్రాయం. పిల్లను స్టీరింగుకూ డ్రైవరుకూ మధ్య కూర్చోబెట్టి బయల్దేరవచ్చని అనుమతి ఇవ్వబోయాడు.

“ఆ చక్రం పిల్ల రొమ్ముకి ఆనించి తీసుకుపొమ్మంటావా?” అంది బసవమ్మ. “అంతకంటే చంకనేసుకుని నందిగామ దాకా నడిచిపోతా.”

అన్నంత పనీ చేసేట్టు పిల్లను చంకనేసుకుంది కూడా. తారు రోడ్డు అప్పటికే చెప్పుకు అంటుకుంటోంది. అవతల కూతురు తలుపు వంకే చూస్తూ ఉంటుందని ఆవిడకు తెలుసు. వెంకటరత్నానికీ ఇబ్బందిగానే ఉంది. నడిచేవాళ్ళకు ఒడి ఉండదు, కాబట్టి ఆపే అధికారమూ ఉండదు.

“ఇప్పటిదాకా పాసైన ఒడి ఎక్కడన్నా ఉందా అండి?” అని స్తెఫను వినయంగా అడిగాడు.

ఉంది. ఒకే ఒకటి. కొలతలకు ఆధారం ఉండాలి గనక వెంకటరత్నం చేరిన రోజునే తన ఒడిని తనే కొలుచుకుని, తనే పాసు చేసుకుని, నమూనా ఒడిగా ఆఫీసుకు తెలియపరిచాడు. అది తనదేనని ఆయన కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు.

“అయితే ఎక్కు నాయనా” అంది బసవమ్మ.

నిబంధన ప్రకారం ఆ మాటలో తప్పేమీ కనపడలేదు. వెంకటరత్నం గొడుగు ముడిచి, బంట్రోతును బల్ల దగ్గర ఉంచి, ముందు సీటులో స్తెఫనుకూ బసవమ్మకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. పుష్పను తీసి నమూనా ఒళ్ళో పెట్టారు. పిల్ల ఆయన చొక్కా బొత్తాన్ని నోట్లో పెట్టుకుంది. కారు కదిలాక బసవమ్మ పంచె ఒక కొసను మెల్లగా పిల్ల నడుముకు చుట్టి ముడి వేసి, రెండో కొసను తన పిడికిలికి చుట్టుకుంది. విప్పమన్నాను కదండి అన్నాడు వెంకటరత్నం. విప్పాగా, మళ్ళీ వెయ్యొద్దని నువ్వు అనలేదుగా అంది బసవమ్మ. ఆయన గుర్తు తెచ్చుకుని చూశాడు. నిజమే, అనలేదు.

నవాబుపేట దాటాక ముందు పోతున్న సిమెంటు లారీ, ముక్త్యాల వైపు నుంచి వచ్చినది, ఉన్నపళంగా ఆగింది. వెనక దీపం లేదు, డ్రైవరు చెయ్యీ బయటకు రాలేదు. స్తెఫను బ్రేకు మీద నిలబడ్డాడు. నమూనా ఒడి కదలకుండా కొలతల ప్రకారమే ఉంది. (చేతుల గురించి నిబంధనలో లేదు.) వెంకటరత్నం చేతులు రెండూ ముందున్న రేకును పట్టుకున్నాయి. పిల్ల ఒళ్ళోంచి ఎగిరి ముందుకు పోయింది. పంచె బిగిసింది. అద్దానికి జానెడు దూరంలో పిల్ల ఆగి, వెనక్కి వచ్చి, బసవమ్మ ఒళ్ళో పడింది.

తర్వాత పుష్ప గట్టిగా ఏడ్చింది. అది విన్నాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జ్ఞానయ్య గోనెపట్టా ఎత్తి చూసి ఒక్క గుడ్డు కూడా పగల్లేదన్నాడు. ఎవరూ అడగలేదు.

బసవమ్మ పిడికిలి చుట్టూ తోలు లేచి ఎర్రగా ఉంది. వెంకటరత్నం ఆ చేతిని చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. అవి ఇంకా రేకును వదల్లేదు.

“పిల్లలున్నారా నాయనా?”

“లేరండి. ఇంకా పెళ్ళి కాలేదు.”

“అవుద్దిలే. చేతులెందుకో అప్పుడు తెలుస్తది.”

ఆవిడ దెప్పలేదు, నిజంగానే చెప్పింది. అందుకే నందిగామ దాకా పంచె రెండో కొసను ఆయనే పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళోకి వచ్చాక, పిల్ల గమ్యం చేరింది గనక నమూనా ఒడి పరీక్షలో నెగ్గిందని పైకి రాయవచ్చా అని నెమ్మదిగా దశరథరామయ్యను అడిగాడు. రాసుకోండి, నాకు ఒడే లేదన్నారుగా, నా మాటకు విలువేముందని దశరథరామయ్య కిటికీ వైపు తిరిగాడు.

ఆసుపత్రిలో భారతీదేవి మంచం మీద లేచి కూర్చుంది. పుష్పను లాక్కుని, ముందు కనుబొమ, తర్వాత మోచేతులు, తర్వాత మోకాళ్ళు వరసగా తడిమి చూసింది. ఆ తర్వాతే ముద్దు పెట్టుకుంది.

“జారలేదుగా అమ్మా?”

“జారింది” అంది బసవమ్మ. “పోనివ్వలా.”

చేతిని కొంగులో దాచుకుంది గానీ కూతురు చూడనే చూసింది. లాగి, ఆ వేళ్ళు తన చెంపకు పెట్టుకుంది. చలికాలం నుంచి తల్లీ కూతుళ్ళ మధ్య ఉన్న ఆ ముక్క గురించి ఇద్దరూ ఇక మాట్లాడలేదు.

వెంకటరత్నం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. బొత్తం ఊడిన చొక్కాతో, వెళ్ళిపోదామా ఉందామా అన్నట్టు. బసవమ్మ ఆయన్ను లోపలికి పిలిచి, గుడ్డలో చుట్టి ఉన్న పసివాడిని చూపించింది. మూడో రోజున బాలింతను ఇంటికి పంపిస్తారట. అదే కారు, అదే రోడ్డు.

“ఇదుగో, వీణ్ణి ఎవరి ఒళ్ళో పెట్టి తీసుకుపోవాలో ఇప్పుడే చెప్పు నాయనా. మళ్ళీ రోడ్డు మీద ఆపొద్దు.”

వెంకటరత్నం పసివాడి వంక చూసి, చాలాసేపు ఆలోచించాడు. మెల్లగా ఆయన ముఖం తేటపడింది. ఈ ఒక్క విషయంలోనైనా ఆ కుటుంబానికి సాయపడే వీలు దొరికింది.

“వీడికి మా నిబంధన వర్తించదండి. పుట్టినట్టు ఇంకా ఎక్కడా రాయలేదు గదా. పుట్టనివాళ్ళకి ప్రమాదం జరగదండి.”

“మరి రాసేదెప్పుడు?”

“మీరు క్షేమంగా ఇంటికి చేరాకండి.”