లబ్ధిదారు బిళ్ల

నాలుగు కొండల నడుమ పరుచుకున్న ఒక పెద్ద అడవిలో, ఎన్నికలకు నెలన్నర ఉందనగా దురదల కాలం వచ్చింది.

వానలకు ఒంటికి బురద పట్టి, ఎండకు అది ఎండిపోయి, ఏ జంతువును చూసినా చెట్టుకు వీపు రాసుకుంటూ కనిపించేది. వనాధ్యక్షుడు సింహానికి అది చూసి దిగులేసింది. దురద పుట్టినవాడికి కోపం త్వరగా వస్తుందనీ, కోపం వచ్చినవాడు పాతవాళ్లకు ఓటు వేయడనీ ఆయన అనుభవం.

కార్యదర్శి నక్క చతురయ్య మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు.

"ఎవరి వీపు వాళ్లకు అందదు సార్. ఇంటింటికీ ఉచిత గోకుడు పథకం పెడదాం."

"గోకేదెవరయ్యా?"

"మన పిల్లి నాజూకమ్మ ఉంది కదండీ. గోళ్లు సన్నవి, చెయ్యి తేలిక."

నాజూకమ్మ నిజంగా మంచిది. పొద్దున్నే బయలుదేరి గుహగుహకూ వెళ్లేది. "ఇక్కడా అమ్మా? ఇంకొంచెం కిందికా?" అని అడిగి మరీ గోకేది. అక్కడక్కడా చర్మం గీరుకుపోయినా ఎవరూ ఏమీ అనలేదు. ప్రభుత్వం గుమ్మంలోకి వచ్చి వీపు గోకుతుంటే, గీత పడిందని ఫిర్యాదు చేయడానికి ఎవరికి నోరొస్తుంది?

వారం తిరిగేసరికి గీతలు పడినచోట ఎర్రటి పొక్కులు లేచాయి. మూడో వారానికి చంకల్లో, గజ్జల్లో, మెడ కింద బిళ్లలు కట్టాయి. ఒళ్లు కాలిపోయింది. ముసలి దుప్పి గంగులమ్మకు జ్వరంతోపాటు ఒక కన్ను మసకబారింది. నీటిరేవు దగ్గర చిరుత జాడ అందరికంటే ముందు పసిగట్టి కేకేసేది ఆవిడే. ఇప్పుడు ఆవిడకు ఎదురుగా ఉన్న పొదే సరిగ్గా కనబడటం లేదు.

అడవి ఆస్పత్రిలో ఉన్న ఒక్కగానొక్క డాక్టరు ముంగిస పెంచలయ్య. వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగాడు, "ఈమధ్య ఎవరైనా గీరారా?" అని. అందరూ ఒకే పేరు చెప్పారు. నాజూకమ్మను పిలిపించాడు.

"నాకేం లేదండీ డాక్టరుగారూ. శుభ్రంగా తింటున్నాను, పడుకుంటున్నాను," అంది ఆమె.

"అదే తమాషా తల్లీ. పిల్లికి చాలాసార్లు ఏమీ కాదు. నీ బొచ్చులో ఎగిరి దూకే పురుగులున్నాయి. వాటి పెంటలో కంటికి కనబడని క్రిములుంటాయి. నువ్వు ఒళ్లు గోక్కుంటే అవి నీ గోళ్లలోకి వస్తాయి. ఆ గోళ్లతో ఎదుటివాళ్లను గీరితే వాళ్ల ఒంట్లోకి పోతాయి."

నాజూకమ్మ తన గోళ్లు చూసుకుంది.

"అయితే గంగులమ్మక్క కన్ను నావల్లేనా?"

"నీకు మాత్రం తెలుసా ఏమిటి? మందు రాసి దువ్వితే ఆ పురుగులు పోతాయి. అందాకా ఎవరినీ గోకకు. ముసలివాళ్ల దగ్గరికీ, ఒంట్లో నీరసంగా ఉన్నవాళ్ల దగ్గరికీ అసలు వెళ్లకు. గీత పడ్డవాళ్లు వెంటనే కుంకుడు రసంతో కడుక్కోవాలని నేను అందరికీ చెబుతాను."

ఆ రోజే ఆమె సెలవు చీటీ ఇచ్చేసింది. పెంచలయ్య సంగతంతా వివరంగా రాసి, కింద తేదీ వేసి, సంతకం పెట్టి చతురయ్యకు ఇచ్చాడు.

చతురయ్య రెండుసార్లు చదివాడు. "ఎన్నికలు ఇంక రెండు వారాల్లో ఉన్నాయి డాక్టరుగారూ. పథకం వల్ల రోగం అంటే ఎలాగండీ?"

"పథకాన్ని కొన్నాళ్లు ఆపామని చెప్పండి. ఎందుకు ఆపామో కూడా చెప్పండి. జనం అర్థం చేసుకుంటారు."

"పరిశీలిస్తాం," అన్నాడు చతురయ్య, కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ.

మర్నాడు అడవంతా దండోరా వేయించాడు. ఒంటిమీద బిళ్ల ఉన్నవారు పథకం అందిన లబ్ధిదారులు. బిళ్లే గుర్తింపు. బిళ్ల చూపించినవారికి ఎన్నికల తర్వాత తలా ఒక తేనెపట్టు.

సాయంత్రానికి అడవిపంది ఆఫీసుకొచ్చి కూర్చుంది.

"మా వాడలో ఒక్కరికీ బిళ్ల రాలేదు. పోయినసారి మేం మాత్రం ఓట్లు వేయలేదా?"

"వస్తుంది, వస్తుంది. దరఖాస్తు పెట్టుకోండి."

"పిల్లే రానప్పుడు బిళ్ల ఎక్కణ్నుంచి వస్తుందండీ? జ్వరం సంగతి మేం చూసుకుంటాం, ముందు బిళ్ల ఇప్పించండి."

చతురయ్య దరఖాస్తు కాగితం ముందుకు తోశాడు. పంది వాడవాళ్లు దాన్ని నింపేదాకా ఆగలేదు. బంకమట్టి ఉండలు చేసి, తుమ్మ జిగురుతో చంకల్లో అంటించుకున్నారు. వాళ్లను చూసి కుందేళ్లు, కుందేళ్లను చూసి కోతులు. చతురయ్య ఒకరోజు అడవి చుట్టి వచ్చి సింహానికి చెప్పాడు, "నాలుగింట మూడొంతులు మన లబ్ధిదారులే సార్. గెలుపు మనదే."

పోలింగు రోజున నిజంగా బిళ్లలు కట్టినవాళ్లు జ్వరంతో మూలుగుతూ ఆస్పత్రి చాపల మీద ఉన్నారు. క్యూలో నిలబడిందంతా మట్టి బిళ్లల జనమే. గోకేవాళ్లు రాక వాళ్ల వీపులు ఎప్పటిలాగే మండిపోతున్నాయి. పైగా జిగురు అంటించుకున్నచోట కొత్త దురద మొదలైంది. గోక్కుంటూ వెళ్లి అందరూ సింహం మీద పోటీకి నిలబడ్డ అడవిదున్నకు ఓటేశారు.

ఓడిపోయిన సింహం చతురయ్య కోసం కబురు పెట్టింది. ఆయన దొరకలేదు. అడవిదున్న ప్రమాణ స్వీకారానికి దండలు కట్టిస్తున్నాడు.

పెంచలయ్య మందులతో జ్వరాలు తగ్గాయి. గంగులమ్మ కన్ను నెమ్మదిగా తేటపడింది. మందు రాయించుకుని శుభ్రపడ్డ నాజూకమ్మ ఒకరోజు పళ్లు పట్టుకుని చూడటానికి వెళ్లింది. గోళ్లు లోపలికి లాక్కుని, దూరంగా కూర్చుంది.

"దగ్గరికి రావే," అంది గంగులమ్మ. "గోకొద్దు. కబుర్లు చెప్పు చాలు."

కొత్త ప్రభుత్వం రోగం మీద విచారణ వేసింది. కార్యదర్శి చతురయ్యే. ఆయన మడత విప్పి ఒక కాగితం బల్లమీద పెట్టాడు.

"ఎన్నికలకు రెండు వారాల ముందే డాక్టరుగారికి అంతా తెలుసండీ. ఇదిగో తేదీ, ఇదిగో ఆయన సంతకం. తెలిసి కూడా ఆపలేకపోయారు."

పెంచలయ్యను నాలుగో కొండ అవతలికి, రెండు తొండలు తప్ప రోగులెవరూ లేని ఆస్పత్రికి బదిలీ చేశారు.

నీతి: రోగాన్ని ముందే కనిపెట్టినవాళ్లు, దయచేసి కింద తేదీ వేయకండి.